సిడ్నీ రింగర్: తన తప్పును తానే దిద్దుకొని గుండె గుట్టు తెలిపిన వైద్యుడు

దేశంలోని ఏ ఆసుపత్రి వార్డులోనైనా మంచం పక్కన వేలాడే సెలైన్ సీసాల్లో ఒకదానిపై ఆర్‌ఎల్ అనే రెండక్షరాలు కనిపిస్తాయి. రింగర్ లాక్టేట్ అన్నది దాని పూర్తి పేరు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయినవారికి, శస్త్రచికిత్స జరుగుతున్నవారికి, కాలిన గాయాలతో వచ్చినవారికి వైద్యులు ముందుగా ఎక్కించే ద్రవాల్లో ఇది ఒకటి. ఆ పేరులోని రింగర్ ఒక మనిషి అని, ఆయన 19వ శతాబ్దపు లండన్ వైద్యుడని రోజూ ఆ సీసాలు మార్చేవారిలోనూ కొందరికి తట్టకపోవచ్చు.

సిడ్నీ రింగర్ లోకానికి ఇచ్చింది ఒక ద్రావణం మాత్రమే కాదు. గుండె కొట్టుకోవాలంటే కాల్షియం తప్పనిసరి అని ప్రయోగపూర్వకంగా నిరూపించినవారు ఆయనే. తాను అప్పటికే అచ్చువేయించిన ఒక పరిశోధనలో దొర్లిన పొరపాటును వెదికి పట్టుకోవడం వల్లనే ఆయనకు ఆ సత్యం దొరికింది. ఆయన మిగిల్చి వెళ్లిన ఒక ప్రశ్నకు సమాధానం చెప్పడానికి శాస్త్రలోకానికి మరో వందేళ్లు పట్టింది.

నార్విచ్ నుంచి లండన్‌కు

రింగర్ 1835లో ఇంగ్లండు తూర్పు ప్రాంతంలోని నార్విచ్‌లో జన్మించారు. అధికారిక ఆంగ్లికన్ చర్చికి వెలుపల ఉన్న ప్రొటెస్టంట్ శాఖకు చెందిన వ్యాపార కుటుంబం వారిది. చిన్నతనంలోనే తండ్రి మరణించారు. ఆయన సోదరులు వాణిజ్యాన్ని వెదుక్కుంటూ తూర్పు ఆసియాకు తరలిపోయారు. తమ్ముడు ఫ్రెడరిక్ జపాన్‌లోని నాగసాకిలో స్థిరపడి పెద్ద వర్తకుడయ్యారు. ఆ దేశంలో చాంపాన్ నూడుల్స్‌కు పేరుపడ్డ రింగర్ హట్ భోజనశాలలు ఆ తమ్ముడి పేరు పెట్టుకున్నవే. సిడ్నీ మాత్రం వైద్యాన్ని ఎంచుకున్నారు.

నార్విచ్‌లోనే వైద్యవృత్తిలో శిష్యరికం ప్రారంభించి, 1854లో ఆయన లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేరారు. ఆనాటికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ఆంగ్లికన్ చర్చికి చెందనివారికి పట్టాల విషయంలో మతపరమైన అడ్డంకులు పెట్టేవి. 1826లో స్థాపితమైన యూనివర్సిటీ కాలేజీకి అటువంటి నిబంధన లేదు. రింగర్ 1860లో వైద్యపట్టాను, 1863లో ఎం.డి. పట్టాను అందుకున్నారు. అక్కడి నుంచి పదవీ విరమణ దాకా ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ కళాశాలలో, దానికి అనుబంధమైన ఆసుపత్రిలోనే గడిచింది. 1862లో ఔషధ శాస్త్ర ఆచార్యులుగా నియమితులై, 1878లో వైద్య ఆచార్యులై, 1887 నుంచి 1900 వరకు క్లినికల్ మెడిసిన్ పీఠాన్ని నిర్వహించారు.

సమకాలికులు ఆయనను మొదటగా ఎరిగింది మందుల నిపుణుడిగానే. 1869లో వెలువడిన ఆయన చికిత్సా గ్రంథం 1897 నాటికి 13 ముద్రణలు పొందింది. ఏ మందు ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఏ లక్షణం కనిపించినప్పుడు ఇవ్వాలో వివరించే ఆ పుస్తకం ఒక తరం వైద్యులకు చేతి గ్రంథమయ్యింది. జ్వరమాపిని ఇంకా ప్రతి వైద్యుని చేతికీ రాని రోజుల్లో, క్షయ నిర్ధారణకు శరీర ఉష్ణోగ్రత ఎలా తోడ్పడుతుందో ఆయన 1865లోనే ఒక రచనలో పరిశీలించారు. రోగి పడక పక్కన నిలిచి చూసి, కొలిచి, రాసుకోవడం ఆయనకు అలవాటైన పని. ఆ అలవాటే తరువాత ప్రయోగశాలలో పనికివచ్చింది.

పంపు నీటి పొరపాటు

వృత్తిరీత్యా ఆయన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు కారు. ఆసుపత్రి విధులకు ముందూ వెనుకా దొరికిన సమయంలో కళాశాలలోని శరీరధర్మ ప్రయోగశాలకు వెళ్లి పనిచేసేవారు. రక్తంలోని ఏ పదార్థం గుండెను నడిపిస్తోంది అన్నది ఆయన తలకెత్తుకున్న ప్రశ్న. రక్తం సంక్లిష్టమైన ద్రవం. అందులో మాంసకృత్తులున్నాయి, లవణాలున్నాయి, చక్కెర ఉంది. వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే తప్ప దేని పాత్ర ఏమిటో తేలదు.

కప్ప గుండెలోని జఠరికను వేరుచేసి, దానిలోనికి ఒక ద్రావణాన్ని పంపుతూ, ప్రతి సంకోచాన్నీ పరికరం మీద గీతగా నమోదు చేయడం ఆయన పద్ధతి. శరీరం నుంచి వేరుపడ్డాక కూడా కప్ప గుండె చాలాసేపు కొట్టుకోగలదు. 1882లో ఆయన జర్నల్ ఆఫ్ ఫిజియాలజీలో తన ఫలితాలను ప్రకటించారు. మామూలు ఉప్పునీటిలో జఠరిక చక్కగా సంకోచిస్తున్నదని, దానికి కొద్దిగా పొటాషియం చేరిస్తే సంకోచం మరింత సహజంగా ఉంటున్నదని ఆ ఫలితాలు సూచించాయి.

కానీ తరువాత అవే ప్రయోగాలు మళ్లీ చేసినప్పుడు అవే ఫలితాలు రాలేదు. ఉప్పు అదే, కప్పలు అవే, పరికరం అదే. గుండె మాత్రం కొద్దిసేపటికే బలహీనపడి ఆగిపోతోంది. తేడా ఎక్కడుందో వెదుకుతూ పోగా అది నీటి దగ్గర తేలింది. మొదటి ప్రయోగాల్లోని ఉప్పునీటిని స్వేదన జలంతో కాకుండా, ప్రయోగశాలకు గొట్టాల ద్వారా వచ్చే న్యూ రివర్ కంపెనీ నీటితో తయారుచేశారు. స్వేదన జలం తీసే శ్రమ దండగని తలచిన ఒక సహాయకుడు కుళాయి నీటినే వాడాడన్న కథ ఒకటి తరువాతి తరాల్లో వాడుకలోకి వచ్చింది.

న్యూ రివర్ అన్నది నిజానికి నది కాదు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఊటల నుంచి లండన్‌కు మంచినీరు తేవడానికి తవ్వి 1613లో ప్రారంభించిన కాలువ. అక్కడి నేల సుద్దరాతి నేల. సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్. ఆ నేలలో ఇంకి ఊరిన నీటిలో కాల్షియం కరిగి ఉండడం సహజం. రింగర్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ఆ నీటిలో పది లక్షల భాగాలకు సుమారు 38 భాగాల కాల్షియం ఉంది. కంటికి కనబడని, నాలుకకు తెలియని ఆ కొద్దిపాటి కాల్షియమే గుండెను నడిపింది.

అచ్చులోనే దిద్దుబాటు

ఇటువంటి సందర్భంలో మౌనంగా ఊరుకోవడం కష్టమేమీ కాదు. తొలి పత్రాన్ని ఎవరూ ప్రశ్నించకముందే, రింగర్ 1883లో అదే పత్రికలో మరో పత్రం ప్రచురించి, మొదటి ద్రావణం స్వేదన జలంతో చేసినది కాదని, అందువల్ల తన తొలి నిర్ణయాల్లో కొన్ని చెల్లవని స్పష్టంగా తెలియజేశారు. ఆ పైన పనిని మొదటికి తెచ్చి, స్వేదన జలంలో ఒక్కొక్క లవణాన్నే కలిపి పరీక్షించారు.

ఫలితం తేటతెల్లమైంది. శుద్ధమైన ఉప్పునీటిలో గుండె ఆగిపోతుంది. కొద్దిగా కాల్షియం చేరిస్తే తిరిగి సంకోచిస్తుంది. అయితే కాల్షియం ఒక్కటే ఉంటే సంకోచించిన గుండె సరిగా సడలదు, బిగుసుకుపోతుంది. దానికి తగిన పాళ్లలో పొటాషియం తోడైతే ముడుచుకోవడం, విచ్చుకోవడం రెండూ క్రమంలో పడతాయి. కొద్దిగా బైకార్బొనేట్ కూడా కలిపిన ఆ మిశ్రమంలో వేరుచేసిన గుండె గంటల తరబడి కొట్టుకుంది. రింగర్ ద్రావణం అలా పుట్టింది. గుండెను నడిపించడానికి రక్తంలోని మాంసకృత్తులు అక్కరలేదని, సరైన నిష్పత్తిలో కొన్ని లవణాలుంటే చాలునని తేలింది. కాల్షియం అంటే ఎముకల్లో, పళ్లలో, గుడ్డు పెంకులో ఉండే గట్టి పదార్థమన్న భావన బలంగా ఉన్న కాలంలో, అది సజీవ కణానికి కదలమని చెప్పే సంకేతం కూడా కావచ్చునన్న ఆలోచనకు ఇది తొలి మెట్టు. 1885లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

అదే 1883లో ఆయన జీవితంలో ఒక మచ్చా పడింది. గుండెనొప్పికి మందుగా పనికివస్తుందేమోనని సోడియం నైట్రైట్‌ను పరిశీలిస్తూ, విలియం మరెల్ అనే వైద్యునితో కలిసి ఆయన దాని దుష్ప్రభావాలపై లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆసుపత్రికి వచ్చిన రోగులకు ఆ మందు ఇవ్వగా వారు పడిన బాధల వివరాలు అందులో ఉన్నాయి. చికిత్స కోసం వచ్చిన పేదలపై ప్రయోగాలా అంటూ బయట తీవ్ర విమర్శ చెలరేగింది. రోగి సమ్మతి లేకుండా ప్రయోగం చేయరాదన్న నియమం అప్పటికి స్థిరపడలేదు. అయినా ఆ విమర్శలో న్యాయం ఉందని నేటి వైద్యనీతి అంగీకరిస్తుంది. నీటి విషయంలో తన తప్పును అంత నిక్కచ్చిగా లెక్కగట్టిన మనిషే, మనుషుల విషయంలో అంత జాగ్రత్త చూపలేదన్నది ఆయన జీవితకథ దాచలేని నిజం.

మిగిలిపోయిన ప్రశ్న

రింగర్ తన పరిశీలనను గుండెతో ఆపలేదు. స్వేదన జలంలో చేపలు ఎక్కువసేపు బతకవని, కాల్షియం ఉంటే వాటి ప్రాణం నిలుస్తుందని గమనించారు. ఆ తరువాత 1887లో డి.డబ్ల్యు. బక్స్‌టన్‌తో కలిసి గుండె కండరాన్ని, ఎముకలను కదిలించే అస్థి కండరాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. కాల్షియం లేని ద్రావణంలో గుండె త్వరగా ఆగిపోయింది. అస్థి కండరం మాత్రం చాలాసేపు సంకోచిస్తూనే ఉంది.

రెండూ కండరాలే అయినప్పుడు ఒకదానికి బయటి కాల్షియం క్షణక్షణమూ ఎందుకు కావాలి, రెండోది అది లేకుండా ఎలా నెట్టుకురాగలదు? కణం లోపల ఏముందో చూపగల సూక్ష్మదర్శిని గానీ, రసాయన పరీక్ష గానీ ఆనాడు లేవు. రింగర్ తేడాను నమోదు చేశారు. కారణం చెప్పేందుకు సాధనాలు ఆయనకు అందుబాటులో లేవు.

ఆయన వ్యక్తిగత జీవితంలో పెద్ద దుఃఖం కుమార్తె మరణం. యార్క్‌షైర్‌కు చెందిన అన్నే డార్లీని వివాహమాడిన ఆయనకు ఆ ప్రాంతంలోని లాస్టింగ్‌హామ్ గ్రామంతో అనుబంధం ఏర్పడింది. చిన్నతనంలోనే కన్నుమూసిన కుమార్తె జ్ఞాపకార్థం ఆ ఊరి పురాతన చర్చిని తన ఖర్చుతో పునరుద్ధరింపజేశారు. వాస్తుశిల్పి జె.ఎల్. పియర్సన్ చేతుల మీదుగా 1879లో ఆ పని పూర్తయింది. పదవీ విరమణ తరువాత రింగర్ అక్కడికే చేరారు. 1910 అక్టోబరు 14న ఆ గ్రామంలోనే మరణించారు.

కణంలో ఒక చెరువు

ఆయన వదిలి వెళ్లిన ప్రశ్నకు జవాబు 20వ శతాబ్దం రెండో సగంలో రూపుదిద్దుకుంది. కండర కణం లోపల సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే పలుచని పొరల సంచి ఒకటి ఉంటుంది. ఇది కాల్షియాన్ని పోగుచేసుకునే నిల్వ అని 1960ల తొలినాళ్లలో జపాన్‌లో సెత్సురో ఎబాషి, జర్మనీలో విల్హెల్మ్ హాసెల్‌బాఖ్ వంటివారి పరిశోధనలు వెల్లడించాయి. మన ఊళ్ల చెరువు వంటిదే ఈ నిల్వ. కణద్రవంలోని కాల్షియాన్ని తోడి ఈ చెరువును నింపే పంపు పొరలోనే ఉంటుంది. ఆ పంపుకు ఇంధనం ఏటీపీ. భీమవరంలో పుట్టి అమెరికాలో పరిశోధన సాగించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి వేరుచేసి చూపిన పదార్థమిదే. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దానిని స్వతంత్రంగా కనుగొన్నారు.

విశ్రాంతి దశలో గుండె కణం లోపలి ద్రవంలోని స్వేచ్ఛా కాల్షియం, బయటి ద్రవంలో ఉన్నదానిలో సుమారు పదివేలో వంతు మాత్రమే. విద్యుత్ సంకేతం కణపు పై పొరను తాకగానే అక్కడి ద్వారాలు తెరుచుకుని కొద్దిపాటి కాల్షియం లోనికి వస్తుంది. ఆ కొద్దిపాటి కాల్షియమే సంచి పొర మీదున్న రయనోడిన్ గ్రాహకాలనే తూములను తెరుస్తుంది. నిల్వలోని కాల్షియం ఒక్కసారిగా వెలువడి, సంకోచ తంతువులపై ఉన్న ట్రోపోనిన్‌ను చేరి, కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. కాల్షియమే కాల్షియాన్ని విడుదల చేయించే ఈ తీరును అస్థి కండరంలో 1970లో జపాన్ శాస్త్రవేత్త మకోతో ఎండో తదితరులు చూపగా, గుండె కణాల్లో అలెగ్జాండర్ ఫాబియాటో 1970లు, 1980లలో అమెరికాలోని రిచ్‌మండ్‌లో చేసిన సూక్ష్మ ప్రయోగాలతో నిలబెట్టారు. 1993లో హెపింగ్ చెంగ్, జోనథన్ లెడరర్, మార్క్ కానెల్ కలిసి ఆ తూములు తెరుచుకునే క్షణాలను మెరుపుల రూపంలో సూక్ష్మదర్శిని కింద చూపగలిగారు.

దీనితో 1887 నాటి చిక్కు వీడింది. అస్థి కండరంలో పై పొరకూ తూముకూ మధ్య యాంత్రికమైన బంధం ఉంది. విద్యుత్ సంకేతం వస్తే చాలు, బయటి నుంచి కాల్షియం రాకపోయినా తూము తెరుచుకుంటుంది. గుండెలో ఆ బంధం లేదు. బయటి నుంచి వచ్చే కాల్షియమే తాళంచెవి. పైగా కప్ప జఠరిక కణాల్లో ఈ నిల్వ సంచి చాలా స్వల్పం. దాని సంకోచం ఎక్కువగా బయటి కాల్షియం మీదే ఆధారపడుతుంది. మనిషి గుండెలో ఒక స్పందనకు కావలసిన కాల్షియంలో సుమారు 70 శాతం నిల్వ నుంచే వస్తుంది. ఎలుకల్లో అది 90 శాతం దాటుతుంది. రింగర్ ఎంచుకున్నది కప్ప కావడం వల్లనే బయటి కాల్షియం లేని లోటు అంత త్వరగా, అంత స్పష్టంగా బయటపడింది.

అలుగు పారే వేళ

తూము ఎంత తెరుచుకోవాలన్నది బయటి తాళంచెవి ఒక్కటే నిర్ణయించదు. చెరువులో మట్టం కూడా నిర్ణయిస్తుంది. నిల్వ నిండుగా ఉన్నకొద్దీ విడుదల అంతకు మించిన వేగంతో పెరుగుతుంది. సంచి లోపల కాల్‌సీక్వెస్ట్రిన్ అనే మాంసకృత్తు కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. అది ట్రయాడిన్, జంక్టిన్ అనే మరి రెంటితో కలిసి లోపలి మట్టాన్ని తూముకు తెలియజేయడంలో పాలుపంచుకుంటుంది. తూము తానే లోపలి కాల్షియాన్ని పసిగట్టగలదని కూడా పరిశోధనలు సూచించాయి.

ఈ ఏర్పాటులో ఒక స్వయం నియంత్రణ ఉంది. నిల్వ ఎక్కువైతే విడుదల పెరుగుతుంది. దానితో కణం నుంచి బయటికి పోయే కాల్షియం పెరిగి, బయటి నుంచి లోనికి వచ్చేది తగ్గుతుంది. కొన్ని స్పందనల్లోనే మట్టం యథాస్థితికి వస్తుంది. నిల్వ తగ్గితే దీనికి వ్యతిరేక దిశలో అంతా జరుగుతుంది. ప్రతి స్పందనలో లోనికి వచ్చినంత కాల్షియమే బయటికి పోవాలన్న లెక్క తప్పకుండా సాగుతుంది.

లెక్క తప్పినచోట జబ్బు మొదలవుతుంది. నిల్వ హద్దు మీరితే, చెరువు నిండి అలుగు పారినట్లు, ఏ సంకేతమూ లేకుండానే కాల్షియం బయటికి పొర్లుతుంది. ఆ అకాల విడుదల గుండె లయను చెదరగొట్టగలదు. పూర్వం నుంచి వాడుకలో ఉన్న డిజిటాలిస్ జాతి మందులు పరోక్షంగా ఈ నిల్వను పెంచడం ద్వారానే గుండెకు బలమిస్తాయి. మోతాదు మించితే ప్రాణాంతకమయ్యేదీ ఈ కారణం వల్లనే. కొందరికి పుట్టుకతోనే ఈ తూములో గానీ, కాల్‌సీక్వెస్ట్రిన్‌లో గానీ జన్యులోపం ఉంటుంది. వారిలో కట్ట బలహీనమైన చెరువులా తక్కువ మట్టానికే నిల్వ పొర్లుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే ఉంటుంది. పరుగెత్తినప్పుడో, భయపడినప్పుడో అడ్రినలిన్ ప్రభావంతో నిల్వ పెరిగి ఆ పిల్లలు స్పృహ తప్పుతారు, కొందరు హఠాత్తుగా మరణిస్తారు. ఈ లోపాలను 2001లో గుర్తించారు. ఆటలో సొమ్మసిల్లిన పిల్లవాడిని ఎండదెబ్బ అని ఇంటికి పంపకుండా గుండె పరీక్షకు పంపాలన్న జాగ్రత్తకు ఆధారం ఇదే. మరోవైపు గుండె వైఫల్యంలో పంపు మందగించి, తూములు కారుతూ, చెరువు ఎండిపోతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ బలంగా కాదు.

సీసాలో మిగిలిన పేరు

రింగర్ ద్రావణాన్ని ఫ్రాంక్ లాక్ 1901లో క్షీరదాల గుండెకు తగినట్లు మార్చారు. 1930లలో అమెరికా శిశువైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్, నిర్జలీకరణతో రక్తంలో ఆమ్లత పెరిగిన పిల్లల కోసం దానికి సోడియం లాక్టేట్ చేర్చారు. నేడు మన ఆసుపత్రుల్లో కనిపించే ఆర్‌ఎల్ అదే. తీవ్ర నిర్జలీకరణలో నరానికి ఎక్కించేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే ద్రవాల్లో అది ముందుంటుంది.

ఆ సీసాలో లీటరుకు దాదాపు 6 గ్రాముల ఉప్పు ఉంటుంది. కాల్షియం క్లోరైడ్ మాత్రం గ్రాములో మూడో వంతుకైనా చేరదు. 1882లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ సుద్దనేల నుంచి కాలువ వెంట, గొట్టం వెంట కొట్టుకువచ్చి ఒక వైద్యుని ప్రయోగాన్ని తారుమారు చేసింది అటువంటి స్వల్ప మోతాదే. ఆ తారుమారును కప్పిపుచ్చి ఉంటే ఆయన తొలి పత్రం నిక్షేపంగా నిలిచి ఉండేది. గుండెకు కాల్షియం కావాలన్న సంగతి బయటపడేందుకు మాత్రం మరొకరి కోసం ఎదురుచూడవలసి వచ్చేది.